బండెక్కిన చావు కబురు

పోయిన వారం బండి తోలే ఆశన్నను ఫ్యాక్టరీ గేటు ముందు, చెరుకు బండి మీద, నోరు తెరిచి ఉండగానే వదిలేసి వచ్చాం. వారం రోజులు నోరు తెరుచుకుని ఉండడం ఇంకొకరికైతే కష్టం గానీ ఆశన్నకు అలవాటే. అయినా చెప్పాల్సిన రెండు మాటలూ అప్పటికే బయటపడి ఊరేగుతున్నాయి. "దగడు పాయె."

దగడు మంజీర అవతల, దెగ్లూరు దిక్కు మనిషి. చెరుకు కొట్టే కాలం రాగానే పెండ్లాం రాధాబాయిని, చెరుకు నరికే కోయతా కత్తిని వెంటబెట్టుకుని ఏరు దాటి బోధన్ దిక్కు వస్తాడు. నిజాం ఇలాకా ఒక్కటిగా ఉన్నన్నాళ్లు నువ్వెక్కడివాడివని అతన్ని ఎవరూ అడగలేదు. రెండేళ్ల కింద రాష్ట్రాలు విడదీసి, దెగ్లూరును బొంబాయిలో కలిపిన తెల్లారి నుంచి పరదేశి అయిపోయాడు. మనిషి అదే, ఏరు అదే, కత్తి అదే. గుత్తేదారు రాజేశ్వర్‌కు మాత్రం మధ్యలో గీసిన ఆ గీత చేతికర్రలా పనికొచ్చింది. ఏరు దాటి వచ్చిన గుడిసెలవాళ్లు దవాఖాన అడిగితే గీత చూపించాడు. ఊరి బావి నీళ్లడిగితే గీత చూపించాడు. నిజానికి ఫ్యాక్టరీ దవాఖానవాళ్లు ఎవరినీ పొమ్మన్నది లేదు. వాళ్ల గడప దాకా ఈయన ఎవరినీ పోనిచ్చిందీ లేదు.

ఆ పొద్దున దగడు చేతిలోని కోయతా జారి కాలి మీద పడింది. మడమ పైన లోతుగా తెగింది. రాజేశ్వర్ వచ్చి చూసి, మీ రాజ్యం పోయి కుట్లు వేయించుకో అన్నాడు. పొద్దు గూకేలోగా గుడిసె ఖాళీ చెయ్, కాళ్లు సరిగ్గా ఉన్న జంట ఇంకొకటి వస్తుంది అని కూడా అని, సైకిలెక్కి బోధన్ పోయాడు. రాధాబాయి గెట్ల మీద పడి పరుగెత్తి, అవతలి మడి నుంచి ఫ్యాక్టరీకి కదలబోతున్న ఆశన్న బండిని పట్టుకుంది. "పాయ్, భావూ, పాయ్! దగడూచా పాయ్!" అని ఏడ్చింది.

మరాఠీలో పాయ్ అంటే కాలు. మా ఆయన కాలు తెగింది, నీ బండి మీద దవాఖానకు తీసుకుపో అన్నా అని ఆమె అడిగింది. ఆశన్న తల్లి పుట్టిల్లు దెగ్లూరు తోవలోనే ఉంది కాబట్టి, మరాఠీ తనకు తల్లిపాలతో పాటే వచ్చిందని అతను పదిమందిలో చెప్పుకుంటాడు. పాలు బాగానే వంటబట్టాయి. భాష సంగతి ఆ రోజు తేలింది. అతనికి వినబడింది పాయ్ కాదు, పాయె. మనిషి పేరు వెనక ఆ మాట పడిందంటే మన దిక్కు ఇక ఏడవడమే మిగులుతుంది. ఆశన్న తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఏడ్వకు అక్కా, నేను పోయి పెద్దోళ్లకు చెప్తానని ఎద్దులను అదిలించాడు. రాధాబాయి బండి వెనక చాలా దూరం పరుగెత్తింది. దుఃఖం ఎంత పెద్దదో అనుకుని ఆశన్న ఇంకా గట్టిగా తోలాడు.

అదీ సంగతి.

ఎద్దుల కంటే కబురుకు కాళ్లు ఎక్కువ. ఆశన్న దారిలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. వాళ్లలో ఒకడు సైకిలు మీదున్నాడు, ఇంకొకడు బస్సెక్కబోతున్నాడు. కబురు బోధన్ చేరేసరికి చెరుకు మోపు మీద పడి దగడు చచ్చాడు. ఎడపల్లి దగ్గర అది మోపు కాదు, బండి. నవీపేట్ మేకల సంతలోకి పోయేసరికి బండి కూడా కాదు, పెద్దపులి. చెరుకు తోటలోంచి లేచి వచ్చి పట్టుకుపోయింది. నందిపేట్ చేరినప్పుడు ఆ పులి కూడా చచ్చింది, దగడు దాని నోట్లో చెయ్యి పెట్టి గుండె పీకాడు. అక్కడ పసుపు ఉడకబెట్టే ఆడవాళ్లు ఆ పులి చర్మాన్ని కళ్లతో చూసినవాళ్లను చూశామని ఇప్పటికీ చెప్తారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మాత్రం కథ కథలా ఆగలేదు. బండ్లోళ్లకు ఒక కట్టు ఉంది. తోటి పనివాడి చావు కబురు చెవిన పడితే ఎక్కడి బండి అక్కడే ఆపి, ఎద్దుల మెడ మీంచి కాడి దించాలి. చచ్చినవాడి ఇంటి మనిషి ఒకరు "కట్టుండ్రి" అన్నాకే మళ్లీ కాడి ఎత్తాలి. కాబట్టి ఆశన్న "దగడు పాయె" అనగానే ముందు బండి కాడి దిగింది, దాని వెనకది దిగింది, అట్లా చెరుకు తూచే కాంటా నుంచి సాలూర బాట మలుపు దాకా కాళ్లు ముడుచుకుని పడుకున్నట్టు బండ్లన్నీ ముక్కులు నేలకు ఆనించాయి. ఎద్దులకు చావుతో పనేముంది, ముందున్న బండి చెరుకు పీక్కుని నమలడం మొదలుపెట్టాయి.

లోపల గానుగలకు చెరుకు అందక కూత ఆగింది. కూత ఆగితే లేబర్ ఆఫీసరు బయటికి వచ్చాడు. రాష్ట్రాలు కలిపాక గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ పెడతాడు. మొదటిసారి తనను అండీ అన్నప్పుడు ఆశన్న వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని చూశాడు. ఆయన తెలుగు కంటే మరాఠీయే తేలికని బండ్లోళ్ల అభిప్రాయం.

ఆఫీసరు రాజేశ్వర్‌ను పిలిపించాడు. గుత్తేదారు గేటు పక్క హోటల్లోనే చాయ్ తాగుతున్నాడు. దగడు చచ్చాడని వినగానే చాయ్ సగంలోనే వదిలి లేచాడు. తెగిన కాలును చూసి పొమ్మన్నది తనే కదా. పొమ్మంటే మంజీర దాటి పొమ్మన్నాడు గానీ ఇంత దూరం పొమ్మనలేదు. ఇప్పుడు దవాఖాన ఎందుకు చేర్చలేదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆ నాలుగడుగుల్లో ఆయన బుర్ర ఎంత పని చేసిందో గానీ, గేటు చేరేసరికి భుజం మీది తువాల కళ్లకు చేరింది.

ఎవరి మనిషండీ ఇతను, అని ఆఫీసరు అడిగాడు. బండ్లోళ్లందరూ చుట్టూ మూగారు.

"నా మనిషి సాబ్," అన్నాడు రాజేశ్వర్. "నా చెరుకుల చెయ్యి వెట్టినోడు ఏ రాజ్యమోడైతేంది, నా ఇంటి మనిషే. దవాఖాన ఆయన హక్కు. గుడిసె ఆయన హక్కు. ఊరి బాయి నీళ్లు ఆయన హక్కు. గియ్యన్ని నేనెన్నడన్న కాదన్ననా? బండి కట్టి దవాఖానకు తెద్దామనేసరికే పానం పాయె."

తువాలలో ముఖం పెట్టి ముక్కు చీదాడు. ఆశన్న కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. గీత చూపించే మనిషి నోట హక్కు అనే మాట మూడుసార్లు రావడం తను మోసుకొచ్చిన దానికంటే పెద్ద వింత కబురు అనిపించింది. మాటా మాటా నోట్లో వేసుకుని దాచుకున్నాడు. విన్నదాన్ని విన్నట్టు అప్పజెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. వినడంలోనే చిక్కంతా.

ఇంటి మనిషి వచ్చి కట్టుండ్రి అనేదాకా కాడి ఎత్తమని బండ్లోళ్లు చెప్పేశారు. అయితే మనమే ఆ ఇంటికి పోదాం పదండి అని ఆఫీసరు జీపెక్కాడు. రాజేశ్వర్ ఎక్కాడు. తోవ చూపడానికి ఆశన్ననూ ఎక్కించుకున్నారు. జీపులో కూర్చోవడం ఆశన్నకు అదే మొదలు. చావు ఇంటికి పోతున్న సంగతి గుర్తుపెట్టుకుని మరీ ముఖం వాల్చుకోవలసి వచ్చింది. దారిలో తెలిసినవాళ్లు కనబడినప్పుడల్లా వాల్చిన ముఖం దానంతటదే లేచింది.

గుడిసెల దగ్గర ఏడుపు లేదు. పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన ఉంది. చెరుకాకు గుడిసె ముందు, బోర్లించిన కుండ మీద కాలు చాపుకుని దగడు కూర్చున్నాడు. ఊళ్లో మంత్రసాని ముత్తవ్వ ఆ కాలికి పసుపు అద్ది గుడ్డ చుడుతోంది. కుట్లు పడకపోతే కాలు మురుగుతుందిరా పోరగా అని ఆమె తెలుగులో తిడుతోంది. అతను మరాఠీలో ఏదో ఒప్పుకుంటున్నాడు. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియకుండా ఇద్దరికీ చక్కగా కుదిరింది.

ఆశన్న జీపు దిగి, చూసి, చటుక్కున ఆఫీసరు వెనక్కి పోయాడు. దయ్యాలు పట్టపగలు రొట్టె తింటాయని అతను వినలేదు. ఆ దయ్యం ఆశన్నను చూసి నవ్వి, చేతిలోని రొట్టె చాపి, యే ఆశన్నా, భాకర్ ఖా అంది. రా, రొట్టె తిను అని.

రాధాబాయి మాత్రం రొట్టె పెట్టడానికి రాలేదు. పొయ్యి దగ్గర నుంచి లేచి నేరుగా ఆశన్న ముందుకొచ్చి, వంగి, అతని పిక్క పట్టుకుని గట్టిగా ఊపింది.

"హా పాయ్," అంది. రెండోది పట్టుకుంది. "హా పణ్ పాయ్." ఇది పాయ్, ఇదీ పాయ్ అని.

ఆశన్న ఒంటికాలి మీద ఊగుతూ తన కాలును తానే కొత్తగా చూసుకున్నాడు. "అంటే... పాయ్ అంటే కాలా?" అన్నాడు.

ముత్తవ్వకు ముందు అర్థమైంది. నోట్లో ఆకు వక్క ఉన్న సంగతి మరిచి నవ్వింది, ఆశన్న అంగీ ఎర్రబడింది. చుట్టుపక్కల గుడిసెలవాళ్లకు రాధాబాయి మరాఠీలో చెప్పింది, వాళ్లు నవ్వారు. ఆఫీసరుకు ఆశన్నే తెలుగులో చెప్పుకోవలసి వచ్చింది. ఎవరి తప్పు వాళ్లే ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పుకోవడం ఎంత కష్టమో! ఆయన అందరి కంటే చివర నవ్వాడు, అందరి కంటే ఎక్కువసేపు నవ్వాడు. అందరి కంటే గట్టిగా నవ్వింది మాత్రం రాజేశ్వర్. మెడకు చుట్టుకున్న తాడు వదిలినవాడి నవ్వది.

ఆ నవ్వు చివర్లోనే ఆయన గొంతు మారింది. మనిషి బతికే ఉన్నాడు కదా సాబ్, ఇక మనకేం పని, పోయి బండ్లు కట్టిద్దాం అన్నాడు. కాలు సంగతి వాళ్ల రాజ్యం వాళ్లు చూసుకుంటారు, రేపటికి గుడిసెలోకి వేరేవాళ్లు వస్తున్నారు అన్నాడు. రాధాబాయికి ఆ తెలుగు అర్థం కాకపోయినా, గుడిసె వైపు చాపిన వేలు అర్థమైంది. మొగుడి పక్కకు పోయి నిలబడింది.

నవ్వులపాలై నిలబడ్డ ఆశన్నకు అప్పుడు తన నోటితో ఒక మంచి పని ఉందని తోచింది. భుజం మీది తువాల తీసి కళ్లకు అద్దుకుని, ముక్కు చీది, గేటు దగ్గర రాజేశ్వర్ అన్నదంతా అన్నట్టే అప్పజెప్పాడు. నా ఇంటి మనిషే అన్న చోట గొంతు వణికించాడు. హక్కు దగ్గర గుండె మీద చెయ్యి వేశాడు. దవాఖాన, గుడిసె, బావి నీళ్లు, ఒక్కటీ కింద పడనివ్వలేదు.

ముత్తవ్వ దగడు కాలును ఒళ్లోంచి దించకుండానే రాజేశ్వర్‌ను తేరిపార చూసింది.

"గట్లనా పటేలా? సచ్చినోనికి దవాఖాన ఇస్తివి, బాయి ఇస్తివి. సచ్చినోడు నీళ్లు తాగుతడా? ఇగ జూడు, మా ఊరోళ్లందరం తలా ఒక్కపారి సచ్చి లేస్తం. ఏమన్న దొరుకుతదేమో."

రాజేశ్వర్ ఆమెను వదిలి ఆఫీసరు వైపు తిరిగాడు. సాబ్, వీళ్లు అవతలి రాజ్యంవాళ్లు, ఇక్కడి పద్ధతులు వేరు, మీరు కొత్తగా వచ్చారు అని మెల్లగా చెప్పబోయాడు. ఆఖరి మాట ఆయనకు తగలరాని చోట తగిలింది.

"కొత్తగానే వచ్చానండీ," అన్నాడు ఆఫీసరు. "ఈయన మంజీర దాటి వచ్చాడు, నేను కృష్ణ దాటి వచ్చాను. రేపు నాకు జ్వరమొస్తే గుంటూరు పొమ్మంటారా? మీ మనిషేనని అందరి ముందూ అన్నారు. మీ మనిషిని మీరే ఎత్తండి."

జీపు డ్రైవరు సాయం పట్టబోతే ఆఫీసరు వద్దన్నాడు. చెరుకు తోటలో పెరిగిన ఒళ్లు, దగడు తేలికైన మనిషి కాదు. రాజేశ్వర్ పంచె ఎగ్గట్టి, ఒకసారి ఎత్తబోయి దించి, రెండోసారి ఎత్తాడు. దగడు ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి, పెండ్లి పల్లకీ ఎక్కినంత నెమ్మదిగా జీపు దాకా వచ్చాడు. దారిలో మర్యాదకు చేతిలోని రొట్టె తుంచి ఆయన నోటికి అందించాడు కూడా. రెండు చేతులూ మనిషి కిందే ఇరుక్కుని ఉన్నాయి, రాజేశ్వర్‌కు తినక తప్పలేదు. గుడిసెలవాళ్లు చప్పట్లు కొట్టారు.

దగడు ముందు సీట్లో కాలు చాపుకున్నాడు. రాధాబాయి వెనక ఎక్కింది. ఎవరూ పిలవకుండానే ముత్తవ్వ ఎక్కింది, కట్టు తనది కాబట్టి దవాఖాన దాకా తనే పోవాలంది. ఇంతమంది పట్టరని ఆఫీసరు అన్నాడు. బండిలో చెరుకు పేర్చినట్టు ఆశన్న అందరినీ పేర్చాడు. ఆఖరి చెరుకు గడ రాజేశ్వర్, ఆశన్నకు ఆనుకుని ఇరుకున కూర్చున్నాడు.

కాలువ వంతెన దాకా బాగానే పోయింది. వంతెన మీద డప్పులు వినబడ్డాయి.

పులి కథ నందిపేట్ పోయినట్టే, అసలు కబురు మంజీర వైపు కూడా పోయింది. చుట్టుపక్కల తోటల్లో చెరుకు కొడుతున్న దెగ్లూరు దిక్కు వాళ్లంతా కోయతాలు దించి కదిలారు. వంతెన నిండా వాళ్లే. ముందు డప్పులు, వెనక కొత్త వెదురు పాడె, దాని మీద బంతిపూల దండలు. మరాఠీలో ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. ఎదురుగా జీపులో, ముందు సీట్లో, శవం కూర్చుని చెయ్యి ఊపుతోంది.

ఏడుపు ఒక్కసారిగా ఆగింది. తర్వాత వంతెన ఊగిందంటే నమ్మండి. ఆడవాళ్లు దగడు చెంపలు గిల్లి చూశారు, గిల్లినవాళ్లే మెటికలు విరిచారు. బంతిపూల దండలన్నీ అతని మెడలో పడి ముక్కు మాత్రం బయటికి కనబడింది. డప్పులవాళ్లు అదే చేత్తో దెబ్బ మార్చి పెండ్లి దరువు ఎత్తుకున్నారు. దగడు తన పాడెను అటూ ఇటూ చూసి, ముడులు బాగా వేశారని మెచ్చుకున్నాడు.

జీపులో ఆశన్న సగం మరాఠీలో, సగం చేతులతో విడమరిచిన సంగతంతా రాధాబాయి చెప్పింది. గేటు ముందు రాజేశ్వర్ పటేలు అన్నదీ, గుడిసె ముందు మాట మార్చిందీ, చివరికి దగడును ఎత్తుకున్నదీ. ఆమె చెప్తున్నకొద్దీ నవ్వులు సద్దుమణిగాయి. గుడిసెలన్నిటికీ పెద్ద మనిషి సఖారాం. నెరిసిన మీసాలు, భుజం మీద కోయతా. అతను జీపు ముందుకొచ్చి, చేతులు జోడించి, నిదానంగా చాలాసేపు మాట్లాడాడు. వెనక ఉన్నవాళ్లందరూ తలలూపారు.

ఏమంటున్నారండీ ఈయన, అని ఆఫీసరు ఆశన్న వైపు తిరిగాడు.

ఆశన్నకు ఈసారి ప్రతి మాటా తెలిసింది. గంజి తాగినంత సాఫీగా లోపలికి దిగింది. సఖారాం అన్నదిది: దగడుకు ఇచ్చింది దగడు ఒక్కడికే అయితే మాకొద్దు. చెరుకులో చెయ్యి పెట్టిన ప్రతివాళ్లకూ, ఏటికి ఏ దిక్కు వాళ్లైనా సరే, దవాఖాన ఉండాలి, బావి నీళ్లుండాలి, దెబ్బ తగిలినవాడి గుడిసె ఎవరూ గుంజుకోవద్దు. ఆ మాట పటేలు గేటు ముందు బండ్లోళ్లందరూ వినేలా చెప్పాలి. అప్పటిదాకా రాధాబాయి నోట కట్టుండ్రి అనే మాట రాదు, ఒక్క కాడీ లేవదు.

ఆశన్న నోరు కదిపేలోపే, ఏళ్లుగా మరాఠీ కూలీలతో మెలిగి అంతా అర్థమైన రాజేశ్వర్ అతని చెవి దగ్గరికి వంగాడు. ముఖంలో నవ్వు చెదరలేదు.

"ఆశన్నా, నీకు మరాఠీ రాదని ఇప్పుడే గద అందరు నవ్విండ్రు. గిదిగూడ తెలువలేదను. ఎవ్వరు తప్పువట్టరు. రేపటి సంది నా చెరుకంత నీ బండే మోస్తది." ఇంకా దగ్గరికి వంగి, "తెలిసిందంటివా, ఇంకో తోవ సూస్కో," అన్నాడు.

ఇన్నేళ్లలో మరాఠీ వచ్చని చెప్పుకోవడమే తప్ప రాదని ఆశన్న ఒక్కసారీ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే బతుకుతెరువు. అతను తలెత్తితే ఎదురుగా రాధాబాయి కూర్చుని ఉంది. మోకాళ్ల దాకా దుమ్ము ఇంకా వదలలేదు. పొద్దున బండి వెనక పరుగెత్తిన దుమ్ము అది. ఆమె అతని నోటి వైపే చూస్తోంది, ఈసారి ఏం వింటాడో అని.

ఆశన్న లేచి, అందరికీ కనబడేలా జీపు వెనక పలక మీదికెక్కి నిలబడ్డాడు. డప్పులు ఆగాయి. కాలువ నీళ్ల చప్పుడు వినబడింది.

"సాబ్, గీపారి ఒక్క ముక్క గూడ తప్పువోలేదు," అన్నాడు. "గీళ్లు అడిగేది ఏందంటే..."

కింద నుంచి రాజేశ్వర్ చెయ్యి అతని ధోతి కొంగును పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. వంతెన మీద ఇన్ని వందల కళ్లు పైకి చూస్తుండగా, నడుం దగ్గర ముడి మొదటి మెలిక వదిలింది. రెండో మెలిక సంగతి వచ్చే వారం.